మ్యాప్‌లో లేని వంక

ఉపాధి హామీ ఆఫీసు చుట్టూ పదకొండు నెలలు తిరిగితే నిన్న మా గుట్ట మీద గడ్డపార దిగింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మేం అడిగింది పెద్ద పనేం కాదు. గుట్ట వాలులో కంటూరు కందకాలు, అంటే వాలుకి అడ్డంగా ఒకే మట్టంలో తవ్వేవి. వానకి పారే వంకకి అడ్డంగా రాతికట్టలు. ఎకరంలో ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే దాదాపు 40 వేల లీటర్ల నీళ్లు. వాటిని పైనే ఆపకపోతే మట్టినంతా ఈడ్చుకొచ్చి చెక్‌డ్యాంలో పోస్తాయి. మా పాత చెక్‌డ్యాం అలాగే పూడిపోయింది, ఇప్పుడు అందులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

అక్టోబరు 2న గ్రామసభలో ఉపాధి హామీ కింద తీర్మానం చేశాం. ఒక్కపూట పని.

ఆఫీసులో మాత్రం ఆగిపోయింది. ఉపగ్రహ చిత్రాలు చూసి తయారుచేసిన ప్లాన్‌లో మాకు మళ్లీ చెక్‌డ్యామే రాసుంది. పైగా నేను చెప్పిన వంక ఆ మ్యాప్‌లోనే లేదట. చిన్నప్పుడు అందులో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాణ్ణి నేను! ఆ మాటే అంటే సారు ట్యాబ్ నా మొహం ముందు పెట్టి, "ఏమయ్యా, శాటిలైట్ కంటే నీ కళ్లు పెద్దవా?" అన్నారు. అక్కడున్న పదిమందీ నవ్వారు. మా ఊరి కుర్రాడు కూడా. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తర్వాత నాలుగుసార్లు వెళ్లినా ఒకటే జవాబు: "పైనుంచి మార్చాలి." పైనుంచి కిందికి అని మేమూ అంటాం, గుట్ట నుంచి చేలకి అని. వాళ్ల 'పైన' ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు.

ఊరి చేతికిస్తే అన్నీ సక్రమంగా జరుగుతాయనీ అనను. 1995లో వాటర్‌షెడ్ పనుల (వాన నీళ్లనీ మట్టినీ పైనే ఆపే పనుల) మార్గదర్శకాలు మారి డబ్బులు ఊరి కమిటీల చేతికొచ్చాయి. మా పెద్దమనిషి మొదటి కట్ట తన బావి పక్కనే వేయించుకున్నాడు. కానీ ఆయన్ని రచ్చబండ దగ్గర నిలదీశాం, రెండోది చెరువు వాగు మీదికి మార్పించాం. మ్యాప్‌ని ఎక్కడ నిలదీస్తాం?

చివరికి వానే సాక్ష్యం చెప్పింది. కొత్తగా వచ్చిన టెక్నికల్ అసిస్టెంట్ వాన వెలిసిన మర్నాడు చూడటానికొచ్చాడు. లేని వంకలో ఆయన బండి ఇరుసుదాకా దిగబడింది. నలుగురం పట్టి లాగాం. లాగేముందు ఫొటో మాత్రం తీయించాను. 'పనికి ముందు' జియోట్యాగ్, అంటే ఆ చోటు గుర్తుతో ఫోన్‌లో తీసే ఫొటో, కూడా అక్కడే పడింది. నెలలో మంజూరైంది.

మీరూ తిరుగుతుంటే, తీర్మానం నకలు ముద్రతో సహా దగ్గర పెట్టుకోండి. వంకలో నీళ్లు పారుతున్నప్పుడే ఫొటోలు తీయండి. సోమవారం అర్జీల జోలికి పోకండి, రశీదు తప్ప ఏమీ రాదు. కందకాలకి మట్టం కొట్టడానికి యంత్రాలేం వద్దు. మూడు కర్రలు ఇంగ్లీషు 'A' ఆకారంలో కట్టి, పై కొస నుంచి దారానికి రాయి వేలాడదీస్తే చాలు. నిన్న మా మట్టాన్ని ఇంజనీరు కూడా తప్పుపట్టలేకపోయాడు.

ఇక 'పని మధ్యలో' ఫొటో ఒకటి, 'పని తర్వాత' ఇంకొకటి తీయాలి. గుట్ట వెనక సిగ్నల్ లేదు.