హాడా వెలిగిందంటే గోడ అక్కడే కడుతోందనుకోవద్దు

బాక్టీరియా గోడ ఎక్కడ పెరుగుతోందో చూడటానికి ఇప్పుడు ఎక్కువమంది వాడేవి ఫ్లోరసెంట్ డి-అమైనో ఆమ్లాలు, అంటే వెలిగే రంగు తగిలించిన, మామూలు (ఎల్-రూప) అమైనో ఆమ్లాలకు అద్దంలో ప్రతిబింబంలాంటి అణువులు. ఇండియానా యూనివర్సిటీ బృందం 2012లో వీటి గురించి ప్రచురించింది. గోడలోని పెప్టైడ్ చివర మామూలుగా ఉండే డి-అలనిన్ స్థానంలో, రంగు తగిలించిన డి-అమైనో ఆమ్లం దూరిపోతుంది. నీలం కావాలంటే హాడా, పచ్చ కావాలంటే నాడా, ఎరుపు కావాలంటే టాడా.

మొదటిసారి చేసేవాళ్లు బాసిల్లస్ సబ్టిలిస్‌తో మొదలుపెడితే మేలు. 37 డిగ్రీల దగ్గర ఎల్‌బీ అనే పోషక ద్రవంలో పెంచి, ఓడీ (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత) 0.3–0.5 మధ్య ఉండగా 100 మైక్రోలీటర్లు తీసుకోండి. రాత్రంతా నిలిచిన కల్చర్ పనికిరాదు, అందులో గోడ పని దాదాపు ఆగిపోయి ఉంటుంది. డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో 100 మిల్లీమోలార్‌గా కలిపి ఉంచుకున్న హాడా 1 మైక్రోలీటరు వేస్తే 1 మిల్లీమోలార్ అవుతుంది, డీఎంఎస్‌ఓ 1 శాతం దాటదు. ఒక్క నిమిషం కుదపండి. ఈ బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది కాబట్టి నిమిషమంటే అందులో ఐదు శాతం. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే కొత్త గోడ, పాత గోడ కలిసిపోయి కణమంతా వెలుగుతుంది.

వెంటనే మంచులో చల్లబరిచిన శుద్ధ ఇథనాల్ 235 మైక్రోలీటర్లు పోయండి, మిశ్రమం 70 శాతానికి వస్తుంది. పది పదిహేను నిమిషాలు మంచులోనే ఉంచి, పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో మూడుసార్లు కడగండి. కడగడంలో బద్ధకిస్తే నేపథ్యమంతా నీలంగా కనిపిస్తుంది. ఎల్‌బీకి కూడా నీలంలో సొంత వెలుగుంది. పీబీఎస్ పీహెచ్ 7.4కి తగ్గకుండా చూసుకోండి, ఆమ్లంలో హాడా మసకబారుతుంది.

1.5 శాతం అగరోస్ జెల్ మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తే కణం నడుమ విభజన జరుగుతున్నచోట ప్రకాశవంతమైన పట్టీ, రెండు కొసలూ చీకటి. ముందు టాడా, కడిగాక హాడా ఇస్తే, అడ్డుగోడ లోపలికి మూసుకుంటూ వస్తుంది కాబట్టి ఎరుపు అంచున, నీలం మధ్యన పడుతుంది.

పట్టీ మరీ మసకగా ఉంటే ముందు అనుమానించాల్సింది డాక్‌ఏ ఎంజైమును. గోడ పెప్టైడ్‌లో ఐదో స్థానంలో, అంటే చివర ఉన్న డి-అమైనో ఆమ్లాన్ని అది కత్తిరించేస్తుంది, దానితోపాటే రంగూ పోతుంది. ఆ ఎంజైము జన్యువు తీసేసిన స్ట్రెయిన్‌లో అదే ప్రోబ్ (రంగు తగిలించిన అణువు) ఎన్నో రెట్లు వెలుగుతుంది.

ఇ. కోలిలో తంటా వేరు. అక్కడ రంగును చేర్చేది ప్రధానంగా ఎల్,డి-ట్రాన్స్‌పెప్టిడేజులనే ఎంజైములు, అదీ పెప్టైడ్ నాలుగో స్థానంలో. ఇప్పటికే కట్టి ఉన్న గోడలోనూ అవి మార్పిడి చేయగలవు. అంటే ఇ. కోలి వెలుగు గోడ కట్టిన చోటుకన్నా ఆ ఎంజైములు పనిచేసిన చోటును ఎక్కువగా చూపించవచ్చు. పైగా టాడా పెద్ద అణువు, బయటి పొరను సరిగా దాటదు.

కణం లోపలి నుంచే చేరాలంటే డి-అలనిల్-డి-అలనిన్ డైపెప్టైడ్ ప్రోబులు వాడాలి. మర్‌ఎఫ్ అనే ఎంజైము వాటిని గోడ ముడిసరుకులోనే కలుపుతుంది. క్లమీడియా అనే బ్యాక్టీరియాలో పెప్టిడోగ్లైకాన్ (గోడ కట్టే పదార్థం) ఉందా లేదా అని దశాబ్దాలుగా నలిగిన తగువు 2014లో తేలింది ఈ పద్ధతితోనే. రంగును తర్వాత క్లిక్ రసాయనంతో (రాగి సాయంతో రెండు అణువులను అతికించే చర్యతో) అంటించాలి, రాగి విషం కాబట్టి కణాలను ఫిక్స్ చేశాకే.

ఏది చేసినా పక్కనే, డి-రూపానికి బదులు గోడలో చేరని ఎల్-రూపం ప్రోబ్ వేసిన గొట్టం ఒకటి ఉండాలి. అదీ అంతే వెలిగితే మీరు చూస్తున్నది గోడ కాదు, కడగని రంగు.