నాన్న తిరిగిన రూటు

పరామర్శకు వచ్చినవారంతా మా అమ్మను మొదట అడిగిన మాట ఒక్కటే: "ఎన్నాళ్ల నుంచి బాగోలేదమ్మా?" దానికి ఆవిడ దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే నాన్నకు బాగోకపోవడమనేదే లేదు. ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరై రాజమండ్రిలో స్థిరపడిన మనిషి, రోజూ లేచే వేళకే లేచి, పాల ప్యాకెట్లు తెచ్చి, అరుగు మీద పేపరు చదువుకుంటూ పక్కకు ఒరిగిపోయారు. 108 వచ్చేసరికే అంతా అయిపోయింది. కబురు విని హైదరాబాదులో బయలుదేరిన నేను ఇల్లు చేరేసరికి చీకటి పడింది. ఆ ప్రయాణం గురించి రాయడం నాకు ఇంకా చేతకావడం లేదు.

కర్మకాండ జరిగినన్నాళ్లూ ఇంటినిండా మనుషులున్నారు. ఏ పూట ఏం చేయాలో బ్రహ్మగారు చెబుతుంటే చేస్తూపోయాను. అసలు వెలితి ఆ తరువాత మొదలైంది. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, ఆ ధ్రువపత్రం నకళ్లు బ్యాంకుకొకటి, బీమాకొకటి, పింఛనుకొకటి ఇవ్వాలి. ఉద్యోగుల పింఛను పథకం ఈపీఎస్-95 కింద నాన్నకు వచ్చే పింఛనులో సగం అమ్మకు రావాలంటే పీపీఓ, అంటే పింఛను చెల్లింపు ఉత్తర్వు, నంబరు కావాలి. ఈ పనులు చేసేటప్పుడు మనిషి లేడన్న సంగతిని ప్రతి కిటికీ దగ్గరా మనమే నోటితో చెప్పవలసి వస్తుంది. గ్యాసు బండ తెచ్చిన కుర్రాడు కోడ్ అడిగితే అది నాన్న ఫోనుకే వచ్చింది. అమ్మ ఆ ఫోనును ఇప్పటికీ రోజూ ఛార్జింగు పెట్టి కిటికీలో ఉంచుతుంది. గ్యాసు ఏజెన్సీలో నంబరు మార్పిద్దామంటే ఒప్పుకోలేదు, నేనూ బలవంతపెట్టలేదు. అలాంటి విషయాల్లో ఇంట్లోవాళ్లను తొందరపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

పీపీఓ కాగితం కోసం నాన్న పాత ఖాకీ సంచీ వెతుకుతుండగా, అడుగున రబ్బరుబ్యాండు చుట్టిన చిన్న నోటుపుస్తకాలు కొన్ని కనిపించాయి. అందులో లెక్కల్లా ఉన్నాయి కానీ, లెక్కలు కావు. "తులసిపాక, చీపుళ్లామె, 4." "మారేడుమిల్లి సంత, ముసలాయన, 2.50." కొన్నింటి మీద అడ్డగీత కొట్టి ఉంది. అమ్మను అడిగితే, డ్యూటీ సంగతులు ఇంట్లో ఎప్పుడు చెప్పారు గనుక అంది. మంచాన పడి పోయినవారి పక్కన కూర్చుని అడగవలసినవి అడిగే వ్యవధి కొందరు పిల్లలకైనా దొరుకుతుంది, నాకు అది దొరకలేదు. మూడో మాసికం పెట్టిన మరునాడు, నాన్న ఎక్కువ కాలం పనిచేసిన భద్రాచలం రూటులో ఒకసారి వెళ్లివస్తానని అమ్మతో చెప్పాను. "వెళ్లు గానీ, గుళ్లోకి మాత్రం వెళ్లకు నాన్నా, ఏడాది తిరగలేదుగా" అంది.

రాజమండ్రి కాంప్లెక్సులో తెల్లవారుజామున ఎక్కిన బస్సు కోరుకొండ, గోకవరం దాటి రంపచోడవరం చేరేసరికి ఎండెక్కింది. కండక్టరు నడివయసు మనిషి. టికెట్టు తీసుకుంటూ నేను ఫలానావారి అబ్బాయినని చెబితే, చేతిలో టికెట్లు కొట్టే టిమ్ మిషన్ అలాగే పట్టుకుని కాసేపు నా ముఖంలోకి చూసి, "ఈ రూట్లో నాకు పని నేర్పింది ఆయనేనండి" అన్నాడు. జనం తగ్గాక వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నోటుపుస్తకం తీసి చూపించాను.

చిల్లర లేనప్పుడు ఇవ్వవలసిన డబ్బు టికెట్టు వెనక రాసివ్వడం ఆర్టీసీలో మామూలే. దిగేటప్పుడు ఆ టికెట్టు చూపించి ప్రయాణికుడు అడిగి తీసుకోవాలి. సంతకు చీపుళ్లూ చింతపండూ అడ్డాకులూ తెచ్చే కోయ, కొండరెడ్డి ఆడవాళ్లు చాలామందికి చదువు రాదు, బుట్టలు దించుకునే హడావుడిలో అడగడమూ మరిచిపోయేవారు. నాన్న ఆ బాకీలను ఈ పుస్తకంలో రాసుకుని, మళ్లీ సంతరోజున వాళ్లు ఎక్కినప్పుడు గుర్తుపట్టి ఇచ్చేవారట. ఇచ్చాక అడ్డగీత. ఆ గీత కొట్టనివి వాళ్లు మళ్లీ ఎక్కనివో, ఎక్కినా ఆ రోజు నాన్న వేరే డ్యూటీలో ఉండి ఇవ్వలేకపోయినవో అయివుంటాయని అతను చెప్పాడు.

మారేడుమిల్లి దాటగానే ఘాట్ మొదలవుతుంది. ఒక్కో మలుపు దగ్గర డ్రైవరు హారన్ కొడుతూ, ఎదుటి లారీకి దారిస్తూ నెమ్మదిగా పోవాలి. ఒక పాప వాంతి చేసుకుంటుంటే కండక్టరు డ్రైవరు వెనకున్న సంచీలోంచి పాలిథిన్ కవరూ, సగం కోసిన నిమ్మకాయా తెచ్చి తల్లికి ఇచ్చాడు. అది కూడా నాన్న పెట్టిన అలవాటేనట. ఇంట్లో వారానికి సరిపడా నిమ్మకాయలు కొని, అందులో కొన్ని ఎందుకు మాయమయ్యేవో నాకు అప్పుడు తెలిసింది. తులసిపాక స్టేజీలో ఇద్దరు దిగారు. చీపుళ్లామె ఎవరో, ఇప్పుడు ఉందో లేదో అడిగి తెలుసుకునే వీలు లేకుండానే బస్సు కదిలింది.

చింతూరు దగ్గర శబరి కనిపిస్తుంది. అది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరికి వరదొస్తే శబరి వెనక్కి తన్ని ఈ రోడ్డు మునుగుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరినప్పటి సంగతులు మాత్రం నాన్న ఇంట్లో చెప్పేవారు, బహుశా అది అందరికీ తెలిసిన కథ కాబట్టి. 2014లో ఈ మండలాలు ఆంధ్రలోకి వచ్చాయి, భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. అందువల్ల ఏటపాక దాటగానే రాష్ట్రం మారుతుంది.

భద్రాచలంలో గుడివైపు వెళ్లలేదు. నైట్‌అవుట్ డ్యూటీల్లో నాన్న భోంచేసే మెస్సును కండక్టరు చూపిస్తే అక్కడ తిని, గోదావరి మెట్ల మీద కొంతసేపు కూర్చుని, తిరుగు బస్సెక్కాను. ఏడుపు రాలేదు. మూడు నెలలుగా నాన్న పోయిన ఉదయం తప్ప ఇంకేమీ తలుచుకోలేకపోయినవాడిని, ఆ రోజు ఆయన బతికిన ఉదయాల గురించి ఆలోచించాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒక్కొక్కటే అడిగి అడిగి చెప్పించుకుంది: మెస్సులో ఏం కూర పెట్టారు, ఘాట్‌లో ఎన్ని మలుపులు, నిమ్మకాయల సంచీ ఎక్కడ పెడతారు. కుటుంబానికి పాసు ఉన్నా ఆవిడ ఆ రూటులో గోకవరం దాటి ఎప్పుడూ వెళ్లలేదు, నాన్నకు అక్కడ ఎప్పుడూ డ్యూటీయే కదా. సంవత్సరీకాలు కాగానే తనను భద్రాచలం తీసుకువెళ్లమంది. కారులో వెళ్దామన్నాను. వద్దు, బస్సులోనే, అదీ కండక్టరు సీటుకు దగ్గర్లోనే కూర్చోవాలంది.