బ్రెడ్డు, రస్కు ప్యాకింగులో మేం వృథా తగ్గించిన తీరు

ప్యాకింగు చెత్త తగ్గించాలి అనగానే అందరూ కాగితం కవర్ల ధర అడుగుతారు. మేం మొదట తూకం పెట్టాం. మెషీను దగ్గర పాడైన ఫిల్మ్ (కవర్లు తయారయ్యే ప్లాస్టిక్ రోలు), తేదీ తప్పుపడ్డ కవర్లు, షాపుల నుంచి తిరిగొచ్చిన ప్యాకెట్లు, అట్టపెట్టెలు: నాలుగింటికీ నాలుగు గోతాలు, వారం పాటు రోజూ రాత్రి తూచాం. అన్నిటికంటే బరువు తూగింది ఫిల్మ్ గోతమే.

విప్పి చూస్తే సగం ముక్కలు బొమ్మ మధ్యలో తెగి ఉన్నాయి. రోలు అంచున ఉన్న నల్లగుర్తు చూసి మెషీను కోత పెడుతుంది. రస్కు పొడి సెన్సర్ కంటిని మూసేస్తే కోత పక్కకు జరుగుతుంది. రెండు గంటలకోసారి మెత్తటి పొడిబట్టతో తుడిస్తే చాలు. కవరు అంచుల్ని వేడితో నొక్కి అతికించే సీలు దవడల్లోనూ అదే పొడి మాడి అంటుకుంటుంది, అక్కడ సీలు పట్టదు. ఆపరేటర్లు వెంటనే వేడి పెంచుతారు. అది తప్పు, ఫిల్మ్ ముడుచుకుపోతుంది. దవడలు ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేయాలి. స్టీలు బ్రష్ అయితే దవడల పళ్లను గీరేస్తుంది.

ప్యాకెట్టు పొడవు 15 మిల్లీమీటర్లు తగ్గిస్తే వెయ్యి ప్యాకెట్లకు 15 మీటర్ల ఫిల్మ్ మిగులుతుంది. ముద్రించిన రోలుకు ప్యాకెట్టు పొడవు బొమ్మ అచ్చేసే సిలిండరుతోనే ఖాయమైపోతుంది కాబట్టి ముందు సాదా ఫిల్మ్ మీద చూసుకున్నాం. ఇంకో 5 తగ్గిస్తే రస్కు ముక్కలు సీలులో ఇరుక్కున్నాయి, అక్కడే ఆగాం. కొత్త సిలిండరులో ధర కూడా తీసేయించి, తేదీతోపాటు ఇంక్‌జెట్‌తో కొడుతున్నాం. 2025 సెప్టెంబరు 22న కేకులు, బిస్కెట్ల జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగినప్పుడు ధర అచ్చేసిన కవర్లు ఎంత తలనొప్పో బేకరీ వాళ్లందరికీ తెలుసు.

బ్రెడ్డు వాపసులకు మూలం తొందర. లోఫ్ (ఇంకా కోయని బ్రెడ్డు) నడిమధ్య సూది థర్మామీటరు గుచ్చితే 35 డిగ్రీల దగ్గరికి రావాలి, అప్పుడే స్లైసరు. పైన చల్లగా తగిలిందని కవరులో పెడితే లోపల ఆవిరి చుక్కలు కడుతుంది, త్వరగా బూజు పడుతుంది. బ్రెడ్డూ పోయె, కవరూ పోయె.

కాగితం పఫ్‌లకు సరిపోయింది, నూనె పీల్చని రకం అయితేనే. రస్కుకు మాత్రం పెట్టొద్దు, వానాకాలంలో మెత్తబడిపోతుంది. కేకుతో ఇచ్చే ప్లాస్టిక్ కత్తి 2022 జులై 1 నుంచి నిషేధమే. చెక్కది కూడా అడిగినవాళ్లకే ఇస్తున్నాం.