ఓటు లేకపోయినా స్లిప్ వేయొచ్చు

అమెరికాలో సోషల్ వర్క్ లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి వచ్చినవాళ్లు ఆ డిగ్రీని సీఎస్‌డబ్ల్యూఈ (అమెరికాలో సోషల్ వర్క్ చదువులను గుర్తించే సంస్థ) చేత సరిచూపించుకున్నా, చివరికి నిలబడేది రాష్ట్ర చట్టం ముందే. నిబంధన మారాలంటే వెళ్లాల్సిందీ అక్కడికే.

ఇల్లినాయ్ సంగతి చూడండి. క్లినికల్ లైసెన్స్‌కి, అంటే సొంతంగా చికిత్స చేసే అనుమతికి, 3,000 గంటలు సూపర్‌వైజర్ కింద పని చేయాలి, రాష్ట్రాల లైసెన్సు బోర్డుల సంఘం ఏఎస్‌డబ్ల్యూబీ పెట్టే పరీక్ష పాసవ్వాలి. 2022లో ఆ సంస్థే బయటపెట్టిన లెక్కల ప్రకారం, 2021లో మొదటిసారి క్లినికల్ పరీక్ష రాసిన తెల్లజాతివారిలో దాదాపు 84 శాతం గట్టెక్కితే, నల్లజాతివారిలో 45 శాతమే గట్టెక్కారు. ఇంత తేడాను రాసినవాళ్ల నెత్తిన రుద్దడం అన్యాయం. ఈ తేడాకు విరుగుడుగా 2023లో హెచ్‌బీ (హౌస్ బిల్లు) 2365 చట్టమైంది. 2019 జనవరి 1 తర్వాత పరీక్ష తప్పినవాళ్లు మళ్లీ రాయకుండా, అదనంగా 3,000 గంటలు పూర్తిచేసి లైసెన్స్ తెచ్చుకోవచ్చు. అయితే వేరే రాష్ట్రానికి మారే ఆలోచన ఉన్నవాళ్లు ఆగి చూసుకోవాలి: ఒక లైసెన్స్‌తో పలు రాష్ట్రాల్లో పనిచేయనిచ్చే ‘కాంపాక్ట్’ అనే రాష్ట్రాల ఒప్పందం పరీక్ష పాసవ్వడాన్నే అడుగుతుంది.

ఇలాంటి బిల్లుకు మద్దతు తెలపడానికి పౌరసత్వం అక్కర్లేదు. ఇల్లినాయ్ చట్టసభ వెబ్‌సైట్‌లో కమిటీ విచారణల పట్టిక ఉంటుంది. బిల్లు నంబరు పక్కన ‘విట్నెస్ స్లిప్’ (బిల్లుపై మీ అభిప్రాయం నమోదు చేసే ఫారం) తెరిస్తే పేరు, చిరునామా, ఉద్యోగం అడుగుతుంది. ఎవరి తరఫున అన్న గడిలో ‘సెల్ఫ్’ అని రాయండి. ఆసుపత్రి పేరు రాస్తే సంస్థ తరఫున మాట్లాడినట్టు అవుతుంది, సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు. తర్వాత ‘ప్రపోనెంట్’ (మద్దతుదారు) ఎంచుకుని, మాట్లాడే ఉద్దేశం లేకపోతే ‘రికార్డ్ ఆఫ్ అప్పియరెన్స్ ఓన్లీ’ (పేరు నమోదు మాత్రమే) దగ్గర టిక్ పెడితే చాలు. అయిదు నిమిషాల పని.

పొరపాటు ఎక్కువగా జరిగేది సవరణ దగ్గర. అసలు బిల్లుకు వేసిన స్లిప్ సవరణకు వర్తించదు, దానికి విడిగా వేయాలి. విచారణ తేదీ మారినా మళ్లీ చూసుకోవాలి. బిల్లు స్థితిలో ‘రూల్ 19(ఎ)’ అని కనిపిస్తే గడువు దాటి రూల్స్ కమిటీకి తిరిగి వెళ్లిందని అర్థం. చాలా బిల్లులు అక్కడే చప్పబడిపోతాయి. మీ ప్రాంత ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేయాల్సింది అంతకు ముందే, గడువు ఇంకా ఉన్నప్పుడు.

రాతపూర్వక వాంగ్మూలం ఒక్క పేజీ మించొద్దు. మొదటి వాక్యంలోనే బిల్లు నంబరు, మీరు ఏ పక్షమో చెప్పేయండి. క్లయింట్ కథ మాత్రం వద్దు. పేరు తీసేసినా చిన్న ఊళ్లో మనిషిని గుర్తుపట్టేస్తారు.

డబ్బు విషయంలో మరీ జాగ్రత్త. గ్రీన్‌కార్డు లేని హెచ్1బీ, హెచ్4 వాళ్లు ఏ ఎన్నికల అభ్యర్థికీ, ఏ పీఏసీకీ (ఎన్నికలకు నిధులు పోగుచేసే కమిటీ) చందా ఇవ్వకూడదు. ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. నిధుల సేకరణ విందుకు కొన్న టికెట్టు కూడా చందా కిందే లెక్క. స్నేహితులు పిలిచారని కార్డు గీకేయకండి.

గవర్నర్ సంతకం పడ్డాక కూడా పని మిగిలే ఉంటుంది. గంటలు ఎలా లెక్కించాలి, ఏ ఫారం నింపాలి అన్న నియమాలు లైసెన్సింగ్ శాఖ రాస్తుంది. ముసాయిదా ‘ఇల్లినాయ్ రిజిస్టర్’ అనే రాష్ట్ర గెజిట్‌లో వచ్చాక అభిప్రాయాలకు 45 రోజులు గడువు. పరదేశపు డిగ్రీల ప్రస్తావన ముసాయిదాలో లేకపోతే అడగాల్సింది ఆ 45 రోజుల్లోనే.