రేవు పాటకున్న హడావుడి ఇంటి పన్నుకేదీ?

మార్చి వచ్చిందంటే లంక గ్రామాల పంచాయతీ ఆఫీసుల్లో రెండు పనులు ఒకేసారి నెత్తిన పడతాయి: ఇంటి పన్ను వసూలు, రేవు పాట (ఏరు దాటించే రేవుని ఏడాదికి వేలం వేయడం). కోనసీమలో పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరయినదాన్ని కాబట్టి రెండింటి రుచీ నాకు తెలుసు. సంక్రాంతికి మా మరిది కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చి, "పెద్దమ్మా, పంటు మీద మనుషుల్నీ బళ్లనీ అలా కుక్కేస్తుంటే పంచాయతీ ఏం చేస్తోంది?" అని నిలదీశాడు. పంటంటే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ. వాళ్ల నాన్న ఇంటి పన్ను మూడేళ్లుగా బకాయి ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, పండగపూట ఎందుకులే అని మింగేశాను. వాడడిగిన ప్రశ్నకీ ఆ బకాయికీ సంబంధం ఉంది. అది చెప్పడానికే ఇదంతా.

మా వైపు తెలియనివాళ్ల కోసం కాస్త. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ, వైనతేయ అంటూ పాయలుగా విడిపోతుంది. యానాం-ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి, వసిష్ఠ మీద చించినాడ వంతెన వచ్చాక కొంత ఊపిరాడింది గానీ నరసాపురం-సఖినేటిపల్లి, కోటిపల్లి-ముక్తేశ్వరం లాంటి చోట్ల ఏరు దాటాలంటే ఇప్పటికీ పంటే దిక్కు. ఇవి కాక నాటుపడవ తిరిగే చిన్న రేవులు లంకల పొడవునా ఉన్నాయి. రేవుల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీ నాటిది, 1890లో చేసింది. ఏ రేవునీ ఊరు సొంతంగా నడపదు. ఏడాదికోసారి వేలం వేసి, ఎక్కువ పాడినవాడికి అప్పగించి చేతులు దులుపుకుంటుంది.

పాట రోజు చూడాలి మీరు! ముందురోజే ఊళ్లో టముకు వేయిస్తాం. పొద్దున్నే ఆఫీసు ముందు టెంటు, కుర్చీలు, మైకు. ధరావతు కట్టినవాళ్లే పాడాలి. గత మూడేళ్ల సగటు చూసుకుని సర్కారు పాట, అంటే కనీస ధర, ఇంత అని ప్రకటిస్తాం. అక్కడ ఎవరూ నోరు విప్పరు. అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటారు, ఇద్దరు లేచి టీ కొట్టు వెనక్కి వెళ్లి మాట్లాడుకుని వస్తారు. పోటీ పడకుండా కుమ్మక్కయి రింగయిపోయారని చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. రింగు కుదరని ఏడాది మాత్రం పంతాలకి పోయి, నదిలో ఎంత మంది తిరుగుతారో లెక్క కూడా వేసుకోకుండా పాడేస్తారు. మూడోసారి అనేసి కొట్టేయగానే చప్పట్లు. సర్పంచిగారి మొహంలో వెలుగు. ఒక్క పూటలో, ఒక్క మనిషి దగ్గర్నుంచి, ఏడాది ఆదాయం ఖాయం.

ఇంటి పన్నుకి టెంటు ఉండదు. ఎవరెంత కట్టాలో రాసి ఉండే డిమాండ్ రిజిస్టరు చంకలో పెట్టుకుని గడపగడపా తిరగాలి. "వీధి లైటు వెలగట్లేదు, ముందు అది చూడండి." "మా అబ్బాయి కువైట్ నుంచి డబ్బు పంపాక కడతాం." "పక్కింటాయన కట్టాడా? ఆయన కట్టాక రండి." ఒక ముసలావిడ మాత్రం నన్ను చూడగానే "రా అమ్మా" అని పిలిచి, కొంగు ముడి విప్పి, మడతలు పెట్టిన నోట్లు లెక్కపెట్టి ఇచ్చేది. ఆవిడది రెండు గదుల పెంకుటిల్లు. ఆ వీధి చివరే గల్ఫ్ డబ్బుతో కట్టిన రెండంతస్తుల మేడ ఉంది, గ్రానైటు మెట్లు, గేటుకి ఇత్తడి సింహాలు. మా రిజిస్టరులో ఆ మేడ కూడా పెంకుటిల్లే! పాత ఇల్లు పడగొట్టి పదేళ్లయినా ఎవరూ దిద్దలేదు. నేను కొలతలు తీయించి పన్ను సవరించాను. ఆ సాయంత్రమే ఫోనొచ్చింది. "ఎన్నికలయ్యాక చూద్దాంలెండి మేడమ్" అన్నారు. వద్దని ఎవరూ అనరు, అలా అంటారంతే.

మున్సిపాలిటీల్లో కొంత మారింది. 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ బదులు ఆస్తి విలువ మీద పన్ను లెక్కకడుతున్నారు, ఒకేసారి మోత మోగకుండా ఏటా 15 శాతానికి మించి పెంచకూడదన్నారు. ఏప్రిల్ 30లోగా ఏడాది మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ. మా పల్లెల్లో మాత్రం ఇంకా మొహమాటాల మీదే నడుస్తోంది. మధ్యలో గ్రంథాలయ సెస్సు ఒకటి, పన్ను రూపాయికి 8 పైసలు. "లైబ్రరీ ఎక్కడుందో చూపించండి, సెస్సు కడతాను" అని మా ఊళ్లో ఒక మాస్టారు ఏటా గొడవపడేవారు. ఆ ఒక్క విషయంలో ఆయనదే న్యాయం.

కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులున్నాయి కదా అంటారు. 2021-26 నాటి 15వ ఆర్థిక సంఘం గ్రాంటుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే వాడాలన్నారు. మిగిలిన దానిలోంచి జీతాలు ఇవ్వడానికి వీల్లేదన్నారు. రేవు దగ్గర రాత్రిపూట లైటు కావాలన్నా, చప్టా విరిగితే సిమెంటు వేయాలన్నా మాకు సులువుగా చేతికందేది సొంత ఆదాయమే. ఇంటి పన్ను రాకపోతే ఆ సొంత ఆదాయంలో మిగిలేది రేవు పాటే. అందుకే అందరి కళ్లూ దాని మీదే. పోయినేడు కంటే పాట పెరిగిందా లేదా, అంతే లెక్క.

ఇప్పుడు మావాడి ప్రశ్న దగ్గరికొద్దాం. టిక్కెట్టు రేటు పాట షరతుల్లో రాసి ఉంటుంది, పెంచడానికి లేదు. డీజిలు పాటదారుదే, పంటు నడిపే సరంగు జీతం, పనిచేసే కళాసీల కూలీ అతనివే. అలాంటప్పుడు పాట పెరిగిన ప్రతి లక్షా ఎక్కడ్నుంచి రావాలి? పంటు మీద ఎక్కేవాళ్ల దగ్గర్నుంచే. అందుకే పంటు నిండేదాకా కదలదు, నిండాక కూడా "ఇంకో రెండు బళ్లు పడతాయండీ, కొంచెం జరగండి" అంటారు. మన వీధి లైటు కరెంటు బిల్లు అలా వసూలవుతోంది. మేడ వాళ్లు కట్టని పన్ను, ఏరు దాటే కూలీ మనిషీ కాలేజీ పిల్లా పంటు మీద నిలబడి కడుతున్నారన్నమాట. పాటదారు దుర్మార్గుడనుకోవడం తేలిక. అమ్మినవాళ్లం మేమే కదా.

ఒకసారి తనిఖీకి వెళ్తే లైఫ్ జాకెట్లు కనబడలేదు. అడిగితే కళాసీ కుర్రాడు ఇంజను గది పక్కన టార్పాలిను ఎత్తి చూపించాడు. అన్నిటినీ కలిపి నైలాను తాడుతో బిగించి కట్టేశారు. ఎందుకురా అంటే, "జనం పట్టుకుపోతన్నారండి" అన్నాడు. ఆ ముడి విప్పడానికి వాడికే చాలాసేపు పట్టింది.

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో పడవ బోల్తాపడింది. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న నాటుపడవ, కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగింది. ప్రతిసారీ మా రేవుకి జీపులొచ్చాయి, తలలు లెక్కపెట్టారు, నోటీసులు అంటించారు. కొన్నాళ్లకి నోటీసు వానకి తడిసి ఊడిపోయింది. పాట షరతుల్లో మాత్రం అక్షరం మారలేదు.

వరదల సంగతి ఇంకా చిత్రం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక వస్తుంది, పంటు ఆపేయమంటాం. 2022 జూలైలో మూడో హెచ్చరిక, 17.75 అడుగులు కూడా దాటేసి ఊళ్లే మునిగాయి. ఆగిన రోజులకి డబ్బు తగ్గించమని పాటదారు అర్జీ పెట్టుకుంటే ఫైలు ఈ బల్ల మీదనుంచి ఆ బల్ల మీదకి తిరుగుతూనే ఉంటుంది. 2020లో లాక్‌డౌన్ అప్పుడూ ఇదే గోల. తగ్గిస్తారో లేదో తెలియనివాడు ఏం చేస్తాడు? ఎర్రనీరు రెండడుగులు తగ్గిందో లేదో పంటు నడిపేస్తాడు. హెచ్చరిక ఉన్న రోజులకి ఆ లెక్కన పాట సొమ్ము దానంతటదే తగ్గుతుందని షరతుల్లో ఒక్క వాక్యం రాస్తే, వరదలో పడవ తీయాల్సిన అవసరం వాడికి ఉండదు. దీనికి కొత్త చట్టాలేమీ అక్కర్లేదు, తీర్మానం చాలు.

అన్నట్టు, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. రేవు దాకా ఉచితంగా వచ్చి, అక్కడ టిక్కెట్టు కొని ఏరు దాటి, అవతల మళ్లీ ఉచిత బస్సెక్కాలి. రోడ్డు లేకపోవడం మా తప్పయినట్టు.

మావాడికి ఇవన్నీ ఫోన్లో చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే బకాయి ఎంతుందో చెప్పు పెద్దమ్మా, ఫోన్లో కట్టేస్తా" అన్నాడు. కట్టాడు కూడా. వాళ్ల నాన్నకి నా మీద కోపమొచ్చింది, అది వేరే సంగతి.

ఈసారి మీ ఊళ్లో పాట పెడితే డబ్బు పలికే టైముకి కాదు, దానికి ముందు వెళ్లండి. కార్యదర్శి మైకులో షరతులు గడగడా చదివేస్తుంటే ఎవరూ వినరు, నేను చదివినప్పుడూ అంతే. పంటు ఎంతమందికి సరిపోతుందని సర్టిఫికెట్టులో ఉందో ఆ అంకె పైకి చదవమనండి. దాన్ని టిక్కెట్టు రేటు పక్కనే రేవులో బోర్డు మీద రాయించాలని మినిట్సు పుస్తకంలో ఎక్కించమనండి. ఎక్కించారో లేదో అక్కడే చూసుకుని సంతకం పెట్టండి.