పాతిక వేలలో పుస్తకాల కంప్యూటర్: ఆరు వారాల లెక్క

అక్టోబరు 26, 2025, ఆదివారం

143వ పేజీ దగ్గర ల్యాప్‌టాప్ మళ్లీ కొయ్యబారింది. ఎడమవైపు స్కాన్ చేసిన పుటల పీడీఎఫ్, కుడివైపు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల వెబ్‌సైటులో దిద్దుతున్న పేజీ, వెనుక ఆంధ్రభారతి నిఘంటువుతో కలిపి పాతిక ట్యాబులు, ఇంకో మూల స్కాన్‌టైలర్ అనే ప్రోగ్రాము మిగతా పుటల అంచులు కత్తిరిస్తోంది. ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి మారితే చాలు, హార్డ్‌డిస్కు గరగరమని మొదలుపెడుతుంది. మౌసు బాణం కదలడానికి నలభై సెకన్లు పడుతోంది. ఈలోగా చదువుతున్న వాక్యం మరిచిపోతాను.

కాపీహక్కు తీరిన పాత పుస్తకాలను, అంటే 2025 నాటికి 1964లోనో అంతకు ముందో కాలం చేసిన రచయితలవి, స్కాన్ చేసి, అక్షరాలుగా మార్చి, తప్పులు దిద్దడం నా ఆదివారపు వ్యసనం. ల్యాప్‌టాప్ 2015 నాటిది. ప్రాసెసర్‌లో రెండు కోర్లు (పని చేసే భాగాలు), 8 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్‌డిస్కు. ర్యామ్ పెంచుదామంటే దానికి ఉన్నదే ఒక స్లాటు. పైగా అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ముగిసింది, ఈ ప్రాసెసర్ మీద విండోస్ 11కు అనుమతి లేదు.

కొత్తది కొనే ముందు అసలు నాకెంత కావాలో కొలుద్దామని కూర్చున్నాను. టాస్క్ మేనేజరులో మెమరీ పేజీ తెరిస్తే కింద ‘కమిటెడ్’ అని ఒక అంకె కనిపిస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ కలిసి ఎంత మెమరీ అడిగి పెట్టుకున్నాయో అది చెబుతుంది. ‘వాడుకలో ఉంది’ అనే అంకెను నమ్మి ఇన్నాళ్లూ మోసపోయాను. అది 7.4 దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే అంతకంటే ర్యామ్ లేదు కాబట్టి. కమిటెడ్ మాత్రం 13.6 జీబీ చూపించింది. ఆ పైది హార్డ్‌డిస్కు మీదికి పోయి వస్తోంది. ఆ గరగర అదే.

ఇంత మెమరీ ఎందుకంటే, అంగుళానికి 300 చుక్కల సాంద్రతలో ఏ4 పుట అంటే 2480 × 3508, దాదాపు 87 లక్షల చుక్కలు. చుక్కకు మూడు బైట్లు. డిస్కు మీద జేపెగ్‌గా ఒకటి రెండు ఎంబీలే కనిపించినా, తెరిచాక ఒక్కో పుట 26 ఎంబీ తింటుంది. పది పుటలు ఒకేసారి తెరిచే ప్రోగ్రాము పక్కన పాతిక ట్యాబులు ఉన్నాయంటే లెక్క ఊహించుకోవచ్చు.

కాబట్టి నా అవసరం: కనీసం 16 జీబీ, ఆ పైన పెంచుకునే చోటు, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్కు), రెండు తెరలు. ప్రాసెసర్ నాలుగో మాట. అన్నీ కలిపి 25,000 దాటకూడదు. ఈ చివరి షరతు మా ఆవిడది.

నవంబరు 2, ఆదివారం

హనుమకొండలో అసెంబుల్ చేసే ఒకాయనను అడిగి రైజెన్ 5 5600జీతో కొత్త పెట్టెకు ధర వేయించాను. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు), గ్రాఫిక్స్ అందులోనే. మంచి ప్రాసెసర్, అనుమానం లేదు. మానిటర్ లేకుండానే 33 వేలు దాటింది. ర్యామ్ ధర చూసి రెండోసారి అడిగాను. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్పుల ధరలు ఈ రెండు నెలల్లో విపరీతంగా పెరిగాయని, వచ్చే వారం ఇదే ధర ఉంటుందని తాను మాట ఇవ్వలేనని చెప్పాడు.

అక్కడే ఆలోచన మారింది. కొత్త ర్యామ్ బంగారమైతే, ర్యామ్‌తో సహా వచ్చే పాత ఆఫీసు కంప్యూటర్ చవక అవుతుంది కదా! డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి లాట్లుగా వదిలించుకుంటాయి. 2018 నాటి కోర్ ఐ5-8500 అయితే ఆరు కోర్లు, విండోస్ 11కు అర్హత ఉన్న తొలి తరం. వీటిలో అరచేతి మందం ‘టైనీ’ పెట్టెలు ముచ్చటగా ఉంటాయి కానీ ర్యామ్‌కు రెండే స్లాటులు, అవీ ల్యాప్‌టాప్ రకానివి. నాకు నాలుగు స్లాటులున్న కొంచెం పెద్ద పెట్టె కావాలి.

నవంబరు 8, శనివారం

ఉదయం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్, అక్కడి నుంచి ఆటోలో పార్క్ లేన్, చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు. జేబులో ఒక పెన్‌డ్రైవ్, అందులో డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, ర్యామ్ పరీక్షించే మెమ్‌టెస్ట్. చేతిలో ఒక కాగితం. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు కూడా ఇంత సిద్ధపడలేదు.

మొదటి దుకాణంలో కుర్రవాడు నేరుగా ఒక ఐ7 పెట్టె ముందుకు జరిపాడు. “సార్, ఇది ఐ7. మీరు అడిగేది ఐ5 మాత్రమే. ఇది తొమ్మిదిన్నర వేలే.”

“ఎన్నో తరం, బాబూ?”

“ఆరో తరం సార్. మంచి కండిషన్.”

ఐ7-6700. నాలుగు కోర్లు, విండోస్ 11కు అధికారికంగా చెల్లదు. ఐదు పెద్దదా ఏడు పెద్దదా అని చూసేవారు వీటికే బుట్టలో పడతారు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: లైనక్స్ వాడేవారికి ఈ ఏడాది ఇంతకంటే చవక బేరం లేదు. విండోస్ 10 పోవడంతో ఆరో తరం, ఏడో తరం పెట్టెలు గుట్టలుగా పడి ఉన్నాయి. నాకు యూనికోడ్ కాని ‘అను’ తెలుగు ఫాంట్లలో ఉన్న పాత డీటీపీ ఫైళ్లు తెరవాలి కాబట్టి విండోస్ తప్పదు.

రెండో దుకాణంలో ఐ5-8500 దొరికింది, ధర కూడా తక్కువే చెప్పారు. ఆన్ చేసి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) వెళ్లబోతే పాస్‌వర్డ్ అడిగింది. “అది ఏమీ కాదు సార్, విండోస్ వస్తుంది కదా” అన్నారు. వస్తుంది. కానీ రేపు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలన్నా, ఏదైనా మార్చాలన్నా, ఎప్పుడో మూతపడ్డ ఏదో ఆఫీసులో ఎవరో పెట్టిన పాస్‌వర్డ్ నాకు ఎవరు చెబుతారు? నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. పాత ఆఫీసు కంప్యూటర్ కొనేవారు డబ్బు తీసే ముందు బయోస్ తెరిచి చూడటం మరిచిపోకూడదు. మిగతా ఏ లోపమైనా చిన్నదో పెద్దదో ఖర్చుతో పోతుంది.

నాలుగో దుకాణంలో కుదిరింది. ఐ5-8500, నాలుగు ర్యామ్ స్లాటులు, 8 జీబీ, 256 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. బయోస్ తాళం లేదు, విండోస్ 11 అడిగే భద్రతా చిప్ టీపీఎం 2.0 ఉంది. డిస్కు ఆరోగ్యం 91 శాతం, నడిచిన గంటలు 11,400. అడిగింది 15,500. ఇంకో 8 జీబీ వేసి 16,500కు ఇమ్మన్నాను. ఆయన ర్యామ్ ధరల మీద ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చి, టీ తెప్పించి, చివరికి ఒప్పుకున్నారు. ఒక్క 16 కాకుండా రెండు 8లు అడగడానికి కారణం ఉంది: జతగా వేస్తే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి మెమరీని చదువుతుంది, దీనికి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి ఆ తేడా తెర మీద కూడా తెలుస్తుంది. మూడు నెలల వారంటీ, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించాను.

అదే అంతస్తులో 24 అంగుళాల పాత ఆఫీసు మానిటర్ 4,000కు తీసుకున్నాను. 1920 × 1200, స్టాండు మీద నిలువుగా తిప్పుకోవచ్చు. దాని సంగతి తర్వాత.

తిరుగు రైల్లో పెట్టె ఒడిలో, మానిటర్ కాళ్ల మధ్య. పక్కన కూర్చున్న పెద్దాయన “టీవీయా నాయనా?” అని అడిగారు. అవునన్నాను, వివరించే ఓపిక లేక.

నవంబరు 9, ఆదివారం

రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపాను. నాలుగు విడతలు, ఒక్క తప్పూ లేదు. దుకాణం వేసిచ్చిన విండోస్‌ను పొద్దున్నే పూర్తిగా తుడిచేశాను. అందులో ఏ యాక్టివేటర్ (దొంగ లైసెన్సు ప్రోగ్రాము) పెట్టారో ఎవరికి తెలుసు, ఆ యంత్రంలో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే ధైర్యం నాకు లేదు. ఇలాంటి ఆఫీసు పెట్టెల్లో విండోస్ ప్రో కీ బయోస్‌లోనే ఉంటుంది. విండోస్ 11 కొత్తగా వేశాక అడగకుండానే యాక్టివేట్ అయింది.

నేను చేసిన పొరపాటు ఒకటి: ల్యాప్‌టాప్‌లోని 1 టీబీ హార్డ్‌డిస్కును ఇందులో బిగిద్దామనుకున్నాను. ఇలాంటి పెట్టెల్లో డిస్కుకు కరెంటు మదర్‌బోర్డు నుంచే వస్తుంది, దానికి ఆ మోడల్‌కు మాత్రమే సరిపోయే తీగ ఉంటుంది. నా పెట్టెలో అది లేదు. దుకాణంలోనే అడిగి ఉంటే ఉచితంగా ఇచ్చేవారు. ఇప్పుడు 450 పెట్టి యూఎస్‌బీ కేసింగ్ కొన్నాను.

నవంబరు 13, గురువారం

సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. ఆన్ చేస్తే ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు, అన్నిటికీ ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’. అరగంట రౌటర్‌ను తిట్టాను. రెండుసార్లు ఆపి వేశాను. మా ఆవిడ అటుగా వెళ్తూ, “ఏమండీ, మీ కంప్యూటర్ ఇంకా 2018లోనే ఉందేమిటి?” అంది.

నిజమే, మూలన తేదీ జనవరి 1, 2018. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది, కరెంటు పోగానే గడియారం మరిచిపోయింది. తేదీ తప్పైతే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు. సీఆర్2032 బిళ్ల, 40 రూపాయలు. ఏడేళ్ల పెట్టె కొన్న రోజే దీన్ని మార్చేస్తే సరిపోయేది.

కరెంటు విషయం ఎలాగూ వచ్చింది కాబట్టి 600 వీఏ యూపీఎస్ 2,900కు తీసుకున్నాను.

నవంబరు 16, ఆదివారం

ఈ రోజు అసలు పరీక్ష. 212 పుటల పుస్తకం, టెసెరాక్ట్ అనే ప్రోగ్రాముతో తెలుగు అక్షరాలుగా మార్చాలి. ల్యాప్‌టాప్‌కు ఇదే పుస్తకం 58 నిమిషాలు పట్టింది.

మొదలుపెట్టిన అయిదు నిమిషాలకే ఫ్యాను విమానంలా అరిచింది. ప్రాసెసర్ వేడి 94 డిగ్రీలు. ఆపి మూత తీశాను. దుమ్ము సరే, అసలు సంగతి ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ కింద ఉంది: థర్మల్ పేస్టు ఎండి సున్నంలా రాలింది. పాతది స్పిరిట్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాను. ట్యూబు 250 రూపాయలు, ఇంకో అయిదు కంప్యూటర్లకు సరిపోతుంది. అదే పనిలో వేడి 72 దగ్గర ఆగింది. ఫ్యాను చప్పుడు ఇప్పుడు పక్క గదిలోకి వినిపించదు.

మామూలుగా నడిపితే 22 నిమిషాలు. బాగానే ఉంది, కానీ ఆరు కోర్లలో పని సగానికి సగం వృథా అవుతున్నట్టు టాస్క్ మేనేజరు చూపించింది. టెసెరాక్ట్ ఒక్కో పుటనే నాలుగు థ్రెడ్లకు పంచుతుంది, ఆ పంపకంలోనే సమయం పోతుంది. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే ఎన్విరాన్‌మెంట్ విలువను (ప్రోగ్రాము మొదలవుతూ చదువుకునే సెట్టింగు) 1గా పెట్టి, ఆరు పుటలను ఆరు వేర్వేరు ప్రక్రియలుగా ఒకేసారి నడిపాను. 7 నిమిషాల్లో పుస్తకం మొత్తం అయిపోయింది. గడియారం మళ్లీ చెడిందేమోనని చేతి గడియారం చూసుకున్నాను.

ఇంత పని నడుస్తున్నా బ్రౌజరులో దిద్దుకోవాలంటే అయిదింటితో సరిపెట్టి ఒక కోరు వదిలేస్తే చాలు. 8 నిమిషాలు దాటుతుంది, కానీ టైపింగ్ ఎక్కడా తడబడదు.

నవంబరు 23, ఆదివారం

రెండు తెరలు. పెట్టె వెనుక రెండు డిస్‌ప్లేపోర్టులు ఉన్నాయి, హెచ్‌డీఎంఐ లేదు. కొత్తగా కొన్న మానిటర్‌కు డిస్‌ప్లేపోర్టు ఉంది, ఇంట్లో ఉన్న పాతదానికి హెచ్‌డీఎంఐ మాత్రమే. 400 రూపాయల అడాప్టర్‌తో సరిపోయింది. ఈ అడాప్టర్లు ఒక దిశలోనే పనిచేస్తాయి, కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్టు, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ. తలకిందులుగా ఉన్నది కొంటే పనికిరాదు.

మానిటర్‌ను నిలువుగా తిప్పగానే పాత పుస్తకం పుట మొత్తం పై నుంచి కింద దాకా, అసలు సైజు కంటే పెద్దగా, జరపకుండా కనిపించింది. అరసున్నలు, బండి ఱలు, అచ్చులో చిట్లిన వత్తులు కళ్లు చికిలించకుండా చదువుతున్నాను. ఇప్పుడు గంటకు తొమ్మిది పుటలు దిద్దుతున్నాను, ఇదివరకు అయిదు. ఈ మొత్తం ఖర్చులో నాకు ఎక్కువ పని చేసిపెట్టింది ఆ 4,000 రూపాయల తెరే. ప్రాసెసర్ గురించి రెండు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను, మానిటర్‌ను పది నిమిషాల్లో కొన్నాను!

డిసెంబరు 7, ఆదివారం

మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ ర్యామ్‌లను మామూలు కొనుగోలుదారులకు అమ్మడం మానేస్తున్నట్టు ఈ వారమే ప్రకటించింది. ఇంకో జత కొనే ఆశ వదులుకుంటున్న సమయంలో, పక్కింటివారి పాడైన కంప్యూటర్‌లో రెండు 4 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు దొరికాయి. “తీసుకోండి అన్నయ్యగారూ, పాత సామాన్లవాడికి వేద్దామనుకున్నాం” అన్నారు పక్కింటావిడ. ప్రతి దారిలో ఒక 8, ఒక 4 వచ్చేలా వేస్తే రెండు వైపులా 12, మొత్తం 24 జీబీ. వాటి వేగం 2400 కాబట్టి 2666లో నడిచేవి కూడా 2400కు దిగాయి. ఆ తేడా నా కంటికి కనిపించలేదు. రాత్రి మెమ్‌టెస్ట్ మళ్లీ నడిపాను, తప్పులు లేవు.

ఇవాళ అన్నీ తెరిచి, అక్షరాల మార్పిడి కూడా నడుపుతూ చూస్తే కమిటెడ్ 17.2 జీబీ. మొదట కొలిచిన 13.6 కంటే ఎక్కువే, చోటు ఉందని నేనే ట్యాబులు పెంచాను.

ఖర్చు: పెట్టె 16,500, మానిటర్ 4,000, యూపీఎస్ 2,900, కేసింగ్ 450, అడాప్టర్ 400, పేస్టు 250, బిళ్ల 40. మొత్తం 24,540. రైలు, ఆటో, సీటీసీ బయట తిన్న దోశ ఇందులో కలపలేదు. కలిపితే పాతిక దాటుతుందేమోనని కలపలేదు.

ప్లగ్గు దగ్గర వాట్ల మీటరు పెట్టి చూస్తే పెట్టె ఖాళీగా 17 వాట్లు, ఆరు కోర్లూ పనిచేస్తుంటే 85. రెండు మానిటర్లతో కలిపి సగటున 75 అనుకున్నా, రోజుకు అయిదు గంటలకు నెలకు 11 యూనిట్ల పైచిలుకు.

ముందువైపు యూఎస్‌బీ పోర్టుల్లో ఒకటి వదులుగా ఉంది, స్కానరు తగిలిస్తే మధ్యలో ఊడిపోతోంది. వారంటీ ఫిబ్రవరి దాకా ఉంది, కానీ దానికోసం మళ్లీ పెట్టెను ఒడిలో పెట్టుకుని రైలెక్కను. స్కానరును వెనుక పోర్టుకు మార్చాను. 143వ పేజీ దిద్దడం అయిపోయింది, ప్రస్తుతం 188.