2022 ఫిబ్రవరి ముచ్చట: నుమాయిష్ మళ్ళీ తెరుస్తున్నారు, ఈసారైనా నడుమల ఆగకూడదు

2022 ఫిబ్రవరి 25 నుంచి నుమాయిష్ (హైదరాబాద్ నాంపల్లి గ్రౌండ్‌లో ఏటా పెట్టే పెద్ద ఎగ్జిబిషన్) మళ్ళీ స్టార్ట్ అన్న న్యూస్ చూసి మస్తు ఖుషీ అయింది. 2021లో అసలు పెట్టనే లేదు, 2022 జనవరి 1న ఓపెన్ చేసి కరోనా కొత్త రకం ఒమిక్రాన్ అని వెంటనే ఆపేశారు. కశ్మీర్ నుంచి డ్రై ఫ్రూట్స్, లక్నో నుంచి చికన్ వర్క్ (చేతి ఎంబ్రాయిడరీ) బట్టలు మోసుకుని అంత దూరం నుంచి వచ్చినోళ్ళు, స్టాల్‌కి డబ్బులు కట్టి, ఉండటానికి రూములు తీసుకుని, షాపు సర్దుకునేలోపే మూసుకోమంటే వాళ్ళు ఏం తిని బతకాలి, ఆ సరుకేం చేసుకోవాలి అని జనవరి అంతా నాకు అదే బాధ.

కేసులు పెరుగుతుంటే జాగ్రత్త పడొద్దని నేననను. కానీ మూసిన తీరు మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. సభలు, ర్యాలీలు, కల్చరల్ ప్రోగ్రాంలు బంద్ అన్నారు, అదే టైంలో సినిమా హాళ్ళు, మాల్స్ నడుస్తూనే ఉన్నాయి. అంటే పైన ఆకాశం తప్ప ఇంకేం లేని గ్రౌండ్ మూసి, కిటికీ కూడా లేని ఏసీ హాల్లో వందల మందిని మూడు గంటలు కూర్చోబెట్టాం. ఇన్నాళ్ళ తర్వాత కూడా గాలి సంగతి పట్టించుకోకపోతే ఎట్లా?

2020 మార్చిలో అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాగిట్ అనే చోట ఒక పాటల బృందం రెండున్నర గంటలు ప్రాక్టీస్ చేసింది. తలుపు దగ్గర శానిటైజర్ పెట్టుకున్నారు, షేక్‌హ్యాండ్‌లు మానుకున్నారు. అయినా 61 మందిలో 53 మంది జబ్బుపడ్డారు (కొందరికి టెస్టులో తేలింది, మిగతావాళ్ళకి లక్షణాలు చూసి లెక్కేశారు), ఇద్దరు చనిపోయారు. మూసిన గదిలో అందరూ గొంతెత్తి పాడుతుంటే చేతులు ఎంత కడుక్కున్నా ఏం లాభం. అదే 2021 మార్చిలో బార్సిలోనాలో ఇండోర్ హాల్లోనే 5,000 మందితో కచేరీ పెట్టారు, కాకపోతే ఆ రోజే అందరికీ యాంటిజెన్ టెస్ట్ (తొందరగా తేలే కరోనా టెస్ట్), మంచి మాస్కులు, గాలి బాగా తిరిగే ఏర్పాటు. ఆ తర్వాత రెండు వారాలు గమనిస్తే అక్కడ వ్యాపించిన జాడ పెద్దగా కనపడలేదు. జర్మనీలో లైప్జిగ్‌లో కూడా 2020 ఆగస్టులో ఇట్లాంటి ప్రయోగమే చేసి, గాలి సరిగ్గా లేకపోతే రిస్క్ బాగా పెరుగుతుందని, లోపలికి వచ్చే దారులు ఎక్కువ పెడితే జనం ఒకరికొకరు తగలడం తగ్గుతుందని తేల్చారు.

ఈ దారుల ముచ్చటే మనకి ముఖ్యం. నాంపల్లి గ్రౌండ్ మధ్యలో నాకు భయం లేదు, జెయింట్ వీల్ దగ్గర అసలే లేదు. భయమంతా ఆదివారం సాయంత్రం గేటు దగ్గర. గాంధీభవన్ గేటు, అజంతా గేటు, గోషామహల్ గేటు మూడు ఉన్నా జనమంతా మెట్రో దిగిన వైపే కమ్ముకుంటారు, అక్కడ ఒక మనిషి నిలబడి జ్వరం చూడటానికి నుదుటి మీద థర్మల్ గన్ పెడుతుంటే వెనకాల లైన్ ఇంకా బిగుసుకుపోతుంది. జ్వరం రాకముందే వైరస్ అంటించేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళని ఆ గన్ పట్టుకోలేదు! ఆ మనిషికి గన్ బదులు మాస్కుల డబ్బా ఇచ్చి లేనివాళ్ళకి ఇమ్మంటే ఎంతో మేలు. ఇంకోటి, మూడు వైపులా గుడ్డలు కట్టేసిన స్టాల్స్, వెనక గుడ్డ కొంచెం ఎత్తి కడితే గాలి ఆడుతుంది, ఖర్చు లేని పని.

2019 జనవరిలో అక్కడే పెద్ద అగ్నిప్రమాదం జరిగి చాలా స్టాల్స్ కాలిపోయాయి. ఆ తర్వాత ఏడాది స్టాల్స్ తగ్గించి, ఫైర్ ఏర్పాట్లు పెంచి నుమాయిష్ పెట్టారు, ఎగ్జిబిషనే మానేయలేదు. ఖైరతాబాద్ గణేషుడిని చూడండి, 2019లో 61 అడుగులు, 2020లో 9 అడుగులకి తగ్గించారు, 2021లో 40 అడుగులు. పండగ ఆగలేదు, పరిస్థితిని బట్టి తగ్గింది, మళ్ళీ పెరిగింది. నుమాయిష్‌కి కూడా ఇట్లాంటి మధ్య మెట్లు ముందే రాసి పెట్టుకోవాలి. కేసులు ఇంత పెరిగితే టికెట్లు సగం, ఇంకా పెరిగితే ఫుడ్ స్టాల్స్ దగ్గర కూర్చోవడం బంద్, అన్నిటికన్నా చివర మూసేయడం. అది ముందే తెలిస్తే సరుకు తెచ్చే వ్యాపారి కూడా ఎంత తేవాలో లెక్క వేసుకుంటాడు, రాత్రికి రాత్రి ఆర్డర్ చూసి గుండె ఆగినంత పనవ్వదు.

పిల్లల సంగతి మాత్రం నాకు నిజంగా దిగులే, 2022 ఫిబ్రవరి నాటికి 15 ఏళ్ళ లోపు వాళ్ళకి టీకా ఇంకా రాలేదు, నుమాయిష్ అంటే సగం జనం వాళ్ళే. మా అమ్మకి షుగర్, ఇప్పటి (2022) రూల్ ప్రకారం రెండో డోస్ అయ్యి 39 వారాలు నిండలేదు కాబట్టి ప్రికాషన్ డోస్ (మూడో టీకా) మార్చిలో గానీ పడదు. అందుకే మేం వర్కింగ్ డే చూసుకుని గేట్లు తీసే టైంకే వెళ్తున్నాం, అందరికీ ఎన్95 మాస్కులు, మిర్చి బజ్జీలు పార్సిల్ కట్టించుకుని ఇంటికొచ్చి తింటాం. ఆఫీసులున్నోళ్ళకి కష్టమే గానీ, పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఇంట్లో ఉన్నవాళ్ళు ఆదివారం వదిలేసి మామూలు రోజుల్లో వెళ్ళండి, వెళ్ళినప్పుడు మాత్రం ఆ బయటి ఊళ్ళ స్టాల్స్‌లో ఏదో ఒకటి కొనండి, బేరం కొంచెం తగ్గించి.